లిస్బన్‌లో భోక్త

మా గంటిలంకపేట పురపాలక సంఘం తరఫున నలుగురం లిస్బన్ నగరానికి వెళ్ళి ఐదు రోజులు ఉన్నాం. ఆ ఐదు రోజుల్లోనూ తిన్నది నేనొక్కణ్ణే. మిగతా ముగ్గురూ నా చుట్టూ నిలబడి, నేను తినడం చూసి రాసుకున్నారు. నేనేదో తిండిపోతుననో, వాళ్ళకి ఒంట్లో బాగాలేదనో అనుకోకండి. అంతా రూల్సు ప్రకారమే జరిగింది. తిన్న ప్రతి ముద్దకీ సంతకాలున్నాయి.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

పైనుంచి ఒక పథకం వచ్చింది. పేరు 'ఆహార వీధుల అంతర్జాతీయ ప్రమాణీకరణ'. ప్రతి పురపాలక సంఘమూ ఐరోపాలో ఒక నగరానికి వెళ్ళాలి. అక్కడి జనం ఎక్కడ తింటున్నారు, ఎక్కడ తాగుతున్నారు, కూర్చుని తింటున్నారా నిలబడి తింటున్నారా అన్నది చూసి రావాలి. వచ్చి తమ ఊళ్ళో అలాగే చెయ్యాలి. నగరాల్ని చీటీలు వేసి పంచారు. పక్క ఊరికి పారిస్ తగిలింది. అప్పట్నుంచి వాళ్ళు మాతో మాట్లాడే పద్ధతే మారిపోయింది. మాకు లిస్బన్ వచ్చింది. అది ఏ దేశంలో ఉందో తెలుసుకోవడానికి మా ఆఫీసులో ఒక ఫైలు తెరిచారు. మూడు వారాలు నాలుగు బల్లలు తిరిగి ఆ ఫైలు పోర్చుగల్ అని తేల్చింది.

నా పేరు ఏడుకొండలు. పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. అయినా ఉద్యోగిని అనకూడదు. అవుట్‌సోర్సింగ్. ప్రతి ఏప్రిల్లోనూ 'నేను ఈ కార్యాలయపు ఉద్యోగిని కాను, కాబోను, అయినట్టు ఎక్కడా చెప్పుకోను' అనే కాగితం మీద సంతకం పెట్టించుకుని, మర్నాడు పొద్దున్నే పనిలోకి రమ్మంటారు. ఫైళ్ళు మొయ్యడానికీ ఇంగ్లీషులో టైపు చెయ్యడానికీ ఒక మనిషి కావాలి గనక నన్నూ విమానం ఎక్కించారు.

నాకు మాత్రం ఈ ప్రయాణం మీద వేరే ఆశ ఉంది. మా తాయారక్కది బస్టాండు రోడ్డులో ఇడ్లీ బండి. బావ పోయాక ఆ బండి మీదే తన పిల్లల్నీ, వాళ్ళతోపాటు నన్నూ చదివించింది. ఆ రోడ్డులో అలాంటివి ఇరవై ఆరు బండ్లున్నాయి. 'ఫుట్‌పాత్ మీద తినుట అనాగరికము' అంటూ వాటినన్నిటినీ ఎత్తేసే ప్రతిపాదన ఒకటి తయారై కమిషనరు గారి బల్ల మీదికి వచ్చింది. ఆయన దాని మీద 'విదేశీ నగరమందలి పరిస్థితి చూచిన మీదట నిర్ణయము' అని రాసి పక్కన పెట్టారు. అంటే మా అక్క బండి ఉండాలో పోవాలో లిస్బన్ చెప్పాలి.

బయల్దేరే రోజు అక్క నాకు ఇడ్లీలు పెడుతూ అంది. "ఒరేయ్, ఆ దొరలు లోపల తింటారో, రోడ్డు మీద తింటారో సరిగ్గా సూసి రా. నిజం సెప్పు. అక్క బండి కదా అని లేనిపోనిది సెప్పకు. రేపు ఎవడో సూసొచ్చి కాదంటే మాట పడతాను."

నేను సరేనన్నాను. నిజం చెప్పడానికే వెళ్ళాను. చెప్పాల్సిన వాణ్ణి నేనొక్కణ్ణే అవుతానని మాత్రం అప్పుడు తెలీదు.

మిగతా ముగ్గురి గురించి చెప్పాలి. కమిషనరు నరసింగరావు గారు మంచి మనిషి, మంచి భోజనప్రియుడు. పెసరట్టు వాసనొస్తే మీటింగు మధ్యలో మాట మర్చిపోయేవారు. ఆయనకి లోకంలో ఉన్న భయం ఒక్కటే, రూలు. డాక్టర్ కుముదవల్లి గారు మా ఆరోగ్యాధికారి. ఆవిడకి ఈగ తప్ప వేరే ప్రాణి కనపడదు. ఇక మేనేజరు పరాంకుశం గారు. రూల్సు పుస్తకం ఆయన చంకలోంచి దిగగా నేను చూడలేదు. విమానంలో బెల్టు పెట్టుకోమంటే ఆ పుస్తకానికి కూడా కలిపి పెట్టుకున్నారు.

మా చేతిలో ఒక జాబితా ఉంది. అనుబంధం-బి. అందులో లిస్బన్‌లో తనిఖీ చెయ్యాల్సిన ఏడు తిండి స్థలాల పేర్లున్నాయి. మా ఆఫీసులో ఎనిమిది నెలల కిందట ఒక ఉపసంఘం కూర్చుని ఇంటర్నెట్‌లో చూసి తయారుచేసింది. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది, జాబితాలో లేని స్థలంలోకి ప్రతినిధి బృందం అడుగు పెట్టరాదని. మేం దిగిన హోటలు భోజనశాల కూడా జాబితాలో మొదటి నంబరే.

దిగిన రోజు మధ్యాహ్నం ఆ భోజనశాలలోనే కూర్చున్నాం. అక్కడి నగరపాలక సంస్థ మాకు తోడుగా తెరెజా అనే ఆవిణ్ణి పంపింది. నలభై ఏళ్ళుంటాయి, నవ్వుముఖం, నెమ్మదైన ఇంగ్లీషు. ఆవిడే మాకోసం బంగాళాదుంప, ఆకుకూర కలిపిన పచ్చటి సూపు తెప్పించింది. పొగలు కక్కుతోంది. కమిషనరు గారు చెంచా తీసుకున్నారు. సూపులో ముంచారు. పైకెత్తారు.

"ఒక్క క్షణం సార్," అన్నారు పరాంకుశం గారు.

చెంచా గాల్లో ఆగింది.

పరాంకుశం గారు పుస్తకం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ప్రవర్తనా నియమావళి, పదిహేడు, ఉపనియమం ఇ. తనిఖీపై వెళ్ళిన అధికారి గానీ ఉద్యోగి గానీ, తనిఖీకి లోనగుచున్న సంస్థయందు, ఉచితముగా గానీ వెల చెల్లించి గానీ, ఎట్టి ఆహార పానీయములనూ స్వీకరించరాదు."

"అంటే?" అన్నారు కమిషనరు గారు. ఆయన కళ్ళు సూపు మీదే ఉన్నాయి.

"మనం తనిఖీ మీద ఉన్నాం సార్. ఇది తనిఖీ స్థలం."

"మరి ఇంకెక్కడైనా తిందామయ్యా."

"ఇంకెక్కడికీ వెళ్ళకూడదు సార్. జాబితాలో లేదు."

"జాబితాలో ఉన్నచోట?"

"తనిఖీ కదా సార్."

కమిషనరు గారు చెంచా కింద పెట్టారు. అంత మెల్లగా చెంచా పెట్టిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

డాక్టరమ్మగారికి ఒక ఉపాయం తట్టింది. భోజనం చేసినంతసేపు సెలవు పెడితే? సెలవులో ఉన్నవాడు తనిఖీలో లేనట్టే కదా. పరాంకుశం గారు పేజీలు తిప్పి, విదేశంలో సెలవు పెట్టాలంటే రాజమండ్రిలో ప్రాంతీయ సంచాలకుల వారి ముందస్తు అనుమతి కావాలన్నారు. వెంటనే ఫోన్ చేశాం. లిస్బన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రాజమండ్రిలో సాయంత్రం ఆరు. అక్కడ ఎత్తిన వాచ్‌మన్ "అయ్యగారు ఎల్లిపోయారండి, రేపు పొద్దున్న సెయ్యండి" అన్నాడు. వాళ్ళ పొద్దున్న పదకొండంటే మాకు తెల్లారకముందే. ఆ వేళకి మాకు ఆకలే ఉండదు గనక సెలవుకు కారణం చూపించలేమని పరాంకుశం గారు తేల్చారు.

సూపు చల్లారుతోంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. పరాంకుశం గారి చూపు మెల్లగా నా మీదికి తిరిగింది. ఆ చూపు నేను ఎప్పటికీ మర్చిపోను. పదకొండేళ్ళలో ఆయన నన్ను పూర్తిగా చూడడం అదే మొదలు.

"సార్," అన్నారాయన, "ఏడుకొండలు అధికారి కాదు. ఉద్యోగి కూడా కాదు. కాదని ఏటా రాసిస్తున్నాడు."

"అయితే?"

"పదిహేడు ఇ ఇతనికి వర్తించదు. ఇతను తినొచ్చు."

"ఇతను తింటే మనకేమిటయ్యా?"

పరాంకుశం గారు పుస్తకం మూశారు. "మా నాన్నగారి ఆబ్దికం నాడు భోక్త భోంచేస్తే పైలోకంలో ఉన్న నాన్నగారికి చేరుతోందా లేదా సార్? అంత దూరం వెళ్ళేది, రెండడుగుల దూరంలో కూర్చున్న మనకి చేరదా?"

"శాస్త్రీయంగా ఇది..." అని మొదలుపెట్టారు డాక్టరమ్మగారు. కానీ ఆవిడ వైద్యం చదివిన రోజుల్లో భోక్తల గురించి చెప్పలేదు గనక అక్కడితో ఆగిపోయారు.

నాకు భయం వేసింది. "అయ్యా, భోక్తలంటే తమలాంటి వారుండాలి కదండీ. మేం చేపలు పట్టేవాళ్ళమండి."

"ఉత్తర్వులో కులం కాలమ్ ఖాళీగా ఉంది," అన్నారు పరాంకుశం గారు. అక్కడికక్కడే నా చేత ఒక నోటు టైపు చేయించారు. 'ప్రతినిధి బృందము తరఫున ఆహార పానీయములను స్వీకరించుటకు శ్రీ కవల ఏడుకొండలును తాత్కాలిక భోక్తగా నియమించడమైనది.' కమిషనరు గారు సంతకం పెట్టారు. నేను సూపు తాగాను. చల్లారినా బాగుంది. నాతోపాటు మరో ముగ్గురి గుటకలు వినపడ్డాయి.

ఆ సాయంత్రం రెండో నంబరు స్థలంలో మా పద్ధతి కుదురుకుంది. నేను మధ్యలో కుర్చీలో కూర్చుంటాను. కమిషనరు గారు నా ఎదురుగా, డాక్టరమ్మగారు కుడివైపు, పరాంకుశం గారు ఎడమవైపు నిలబడతారు. తనిఖీ అధికారి కూర్చోకూడదని ఇంకో ఉపనియమం దొరికింది. ప్రతి పదార్థం అయ్యాక పరాంకుశం గారు "తృప్తి అయిందా?" అని అడుగుతారు. నేను "అయింది" అనాలి. ముగ్గురూ రాసుకుంటారు.

అక్కడ నాకు ఒక పెద్ద పళ్ళెంలో చేప పెట్టారు. తెరెజా దాని గురించి గర్వంగా చెప్పింది, తమ దేశంలో దాన్ని వండే పద్ధతులు ఏడాదికి ఎన్ని రోజులో అన్ని ఉన్నాయని. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"అయ్యగారూ, ఇది మన ఉప్పుచేపేనండి! నానబెట్టి, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసి ఆలివ్ నూనె పోశారు. పప్పుచారు ఒక్కటే తక్కువ."

పరాంకుశం గారు రాశారు. 'లోపము: పప్పుచారు లభ్యము కాలేదు.'

కమిషనరు గారు గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. ఆయనకి ఉప్పుచేప, పప్పుచారు అంటే ఎంత ఇష్టమో ఆఫీసులో అందరికీ తెలుసు.

వెయిటరు తెరెజా చెవిలో ఏదో అడిగాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ మాకు చెప్పింది. "ఈ కూర్చున్నాయన ఏ దేశపు రాజుగారని అడుగుతున్నాడు. మిగతావాళ్ళు మంత్రులా అని."

"కంప్యూటర్ ఆపరేటరని చెప్పండి," అన్నాన్నేను. ఆవిడ ఏం చెప్పిందో తెలీదు గానీ, వెళ్ళేటప్పుడు వెయిటరు నాకు నడుం వంచి దణ్ణం పెట్టాడు. కమిషనరు గారికి గొడుగు అందించి, నాకు పట్టమన్నట్టు సైగ చేశాడు.

రెండో రోజుకి ముగ్గురి మొహాలూ పీక్కుపోయాయి. హోటలు గదిలో కుళాయి నీళ్ళు తాగవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. స్నానాలగది తనిఖీ పరిధిలో లేదు గనక తాగవచ్చని పరాంకుశం గారు నిర్ణయించారు. డాక్టరమ్మగారి సంచిలో ఉప్పు, పంచదార కలిసిన ఓఆర్ఎస్ పొట్లాలు యాభై ఉన్నాయి. కమిషనరు గారు ఆశగా చెయ్యి చాపారు.

"ఇవి ప్రభుత్వ సరఫరా సార్," అన్నారావిడ. "విరేచనాలు అవుతున్నవారికి మాత్రమే ఇవ్వాలి. రిజిస్టరులో రాయాలి."

కమిషనరు గారు ఒక్క నిమిషం ఆలోచించి, "అవుతున్నాయి," అన్నారు.

"ఎన్నిసార్లు సార్?"

"ఎన్నిసార్లయితే ఎన్ని పొట్లాలు ఇస్తారు?"

ఆ రోజు నుంచి ముగ్గురు అధికారులకీ రోజుకు ఎనిమిదేసి విరేచనాలు. నేను మాత్రం పాలూ గుడ్ల పచ్చసొనా కలిపి కాల్చిన చిన్న చిన్న బిళ్ళలు డజను తిని ఆరోగ్యంగా ఉన్నాను. 'ఆహారము ముట్టని వారికి విరేచనములు, ముట్టిన వానికి ఆరోగ్యము. కావున ఈ నగర ఆహారము ఔషధ గుణము గలది' అని డాక్టరమ్మగారు నివేదికలో రాశారు. లెక్కప్రకారం చూస్తే ఆవిడ రాసినదాంట్లో తప్పేమీ లేదు.

మూడో రోజు నాలుగో నంబరు స్థలానికి వెళ్ళాం. జాబితాలో అది ప్రసిద్ధ కాఫీ హోటలు. వెళ్ళి చూస్తే సెలూన్. ఆరు నెలల కిందట కాఫీ హోటలు ఎత్తేశారట. తిరిగి వెళ్ళిపోదామని తెరెజా అంది. జాబితాలో ఉన్నదాన్ని తనిఖీ చెయ్యకుండా వెళితే విధి నిర్వహణలో నిర్లక్ష్యం అవుతుందని పరాంకుశం గారు అన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. సెలూనాయన బిత్తరపోయి నాకు గడ్డం గీశాడు. "తృప్తి అయిందా?" అని పరాంకుశం గారు అడిగారు. అయిందన్నాను. పాపం ఆయన మా వాలకం చూసి, లోపల తనకోసం కాచుకున్న కాఫీలోంచి ఒక చిన్న కప్పు తెచ్చి నాకిచ్చాడు. నిజం చెప్పమన్నారు గనక చెప్పాను, లిస్బన్‌లో నేను తాగిన కాఫీల్లో అదే బాగుంది. అదీ రాసుకున్నారు.

తర్వాత ఐదో నంబరు స్థలానికి వెళ్ళాం. ఉపసంఘం వాళ్ళు పేరు చూసి అదేదో మేడ అనుకున్నట్టున్నారు. కానీ అది ఒక చిన్న బండి. చక్రాలు లేవు గానీ బండే. చుట్టూ ఇనప చట్రం, ఆకుపచ్చ రంగు, పైన చిన్న గోపురంలాంటి కప్పు. మనిషి ఒక్కడు నిలబడేంత చోటు. నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పేర్చిన ఫుట్‌పాత్ మీద, చెట్ల కింద, చుట్టూ కుర్చీలు. జనం రోడ్డు మీద కూర్చుని తింటున్నారు. కోటు వేసుకున్నవాళ్ళు తింటున్నారు. పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఒక పోలీసు కూడా నిలబడి తింటున్నాడు.

"అయ్యగారూ, ఫుట్‌పాత్ మీదేనండి," అన్నాను.

కమిషనరు గారు చుట్టూ చూశారు. "అవునయ్యా. ఇది మన బస్టాండు రోడ్డులాగే ఉంది."

"ఈగలు లేవు," అన్నారు డాక్టరమ్మగారు. ఆవిడ గొంతులో కాస్త నిరాశ ఉంది.

రొట్టె మధ్యలో మాంసం పెట్టి ఇచ్చారు. ఉప్పునీళ్ళలో నానేసిన పసుపుపచ్చ గింజలిచ్చారు. తిన్నాను. వాంగ్మూలం ఇమ్మన్నారు. నేను నిలబడి, అక్కకిచ్చిన మాట తలుచుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇక్కడ జనం వీధిలో తింటున్నారండి. సిగ్గుపడుతూ తినట్లేదండి. సంతోషంగా తింటున్నారు. వండినాయన ఎదురుగా ఉన్నాడు గనక ఏం పెట్టాడో కనపడుతోంది. మేడల్లో తిన్న మూడు చోట్ల కన్నా ఇదే బాగుందండి." కమిషనరు గారు అక్షరం పోకుండా రాసుకుని సంతకం పెట్టారు. చెప్పడానికి మొహమాటమేం లేదు, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆఖరి రోజుకి కమిషనరు గారు గోడలు పట్టుకుని నడుస్తున్నారు. కొండ మీద పాతపేటలో మెట్ల సందుల్లోంచి దిగుతున్నాం. ఒక ముసలావిడ తన గుమ్మం ముందు చిన్న కుంపటి పెట్టుకుని చేపలు కాలుస్తోంది. మన వైపు దొరికే కవళ్ళ చేపలే. పొగ సందంతా నిండింది. కమిషనరు గారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. ముసలావిడ ఆయన మొహం చూసింది. రొట్టెముక్క మీద ఒక చేప పెట్టి ఆయన చేతిలో పెట్టి, తినమన్నట్టు గడ్డం పట్టుకుంది.

"ఇది జాబితాలో లేదు కదా పరాంకుశం," అన్నారు కమిషనరు గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

"లేదు సార్. కాబట్టి తనిఖీ లేదు."

"అయితే తినొచ్చా?"

"లేదు సార్. కాబట్టి మనం ఇక్కడ ఉండకూడదు. ఉన్నట్టు ఒప్పుకుంటే ఉత్తర్వు ఉల్లంఘన."

కమిషనరు గారు ఆ రొట్టె వంక చాలాసేపు చూశారు. తర్వాత నా చేతిలో పెట్టారు. "నువ్వు తినవయ్యా. పాపం ముసలమ్మ బాధపడుతుంది." నాకప్పటికే గొంతు దాకా ఉంది. ఆయన ఆకలితో చూస్తుంటే, నేను కడుపునొప్పితో తిన్నాను. అంత కష్టపడి నేను ఏ అన్నమూ తినలేదు. తెరెజా మొహం పక్కకి తిప్పుకుంది. మమ్మల్ని విమానం ఎక్కించేటప్పుడు ఆవిడ నాతో రహస్యంగా అంది. "మీ దేవుడు చాలా కఠినమైనవాడిలా ఉన్నాడు. వీళ్ళ ఉపవాసం ఎప్పుడు ముగుస్తుంది?" రిటైర్మెంటుకి అని చెప్పాను.

ఊరికొచ్చాక నివేదిక తయారైంది. 'వీధి బండ్లు నాగరికతకు చిహ్నములు, వాటిని కొనసాగించవలెను. సెలూన్లయందు కాఫీ తప్పనిసరి చేయవలెను.' వారం తిరక్కుండా మా ఊరి సెలూన్లన్నిటిలోనూ కాఫీ ఫ్లాస్కులు వెలిశాయి. గడ్డాలకి బేరం తగ్గి కాఫీకి పెరిగింది. తాయారక్క బండి చుట్టూ కుర్చీలు వేసుకోమని కాగితం వచ్చింది. అక్క ఆ కాగితాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. మూడు రాష్ట్రాల్లో ఏ పురపాలక సంఘమూ ఇంత వివరంగా తినలేదని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. పారిస్ వెళ్ళిన పక్క ఊరివాళ్ళు అందరూ కలిసి తినేశారట. వాళ్ళమీద విచారణ నడుస్తోంది.

ఆ మెచ్చుకోలుతో పాటు ఇంకో కాగితం వచ్చింది. నన్ను పర్మినెంటు చేశారు! భోక్తగా చూపిన ప్రతిభకి గుర్తింపుగా, లిస్బన్‌లో దిగిన తేదీ నుంచే వర్తించేలా.

అక్క బండి దగ్గరున్న వాళ్ళందరికీ ఉచితంగా ఇడ్లీ పెట్టింది. నేను పదకొండేళ్ళలో మొదటిసారి ఆఫీసులో కుర్చీకి పూర్తిగా ఆనుకుని కూర్చున్నాను. సరిగ్గా తొమ్మిది రోజులు కూర్చున్నాను. పదో రోజు మెమో వచ్చింది.

'విషయము: సిబ్బంది - శ్రీ కవల ఏడుకొండలు - విదేశీ పర్యటన - తనిఖీ సమయమున ఆహార స్వీకరణ - సంజాయిషీ కోరుట గురించి. పై వ్యక్తి పర్యటన మొదటి రోజు నుండియే ఉద్యోగి అయినందున, ఏడు సంస్థలయందు అతడు ఆరగించినది నియమము 17(ఇ) ఉల్లంఘన అగుచున్నది. అట్టి అక్రమ భోజనముపై ఆధారపడిన నివేదిక చెల్లదు. నివేదిక చెల్లనందున వీధి బండ్ల తొలగింపు ప్రతిపాదన యథాతథముగా అమలులోనికి వచ్చును.'

నేను ఆ మెమో తీసుకుని పరాంకుశం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండుసార్లు చదివారు. ఆయన మొహంలో నాకు జాలి కనపడింది, దాని వెనక కొంచెం మెచ్చుకోలు కూడా కనపడింది.

"చాలా పకడ్బందీగా రాశారయ్యా," అన్నారు.

"దారి లేదాండి?"

"ఉంది. నువ్వు ఉద్యోగం వద్దని రాసిచ్చావంటే, నువ్వు ఆ రోజున ఉద్యోగివి కావు. నీ భోజనం సక్రమం. నివేదిక చెల్లుతుంది. బండ్లుంటాయి."

"అప్పుడు నేను మళ్ళీ అవుట్‌సోర్సింగేనాండి?"

"ఆ పోస్టు నిన్ను పర్మినెంటు చేసినప్పుడే రద్దయిపోయింది. నువ్వు దేంట్లోనూ ఉండవు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రూలు అలా ఉందయ్యా. నేను రాసింది కాదు."

సాయంత్రం అక్కతో చెప్పాను. అక్క పిండి రుబ్బుతోంది. గ్రైండరు ఆపింది.

"పిచ్చెక్కిందేంట్రా నీకు? ఆ ఉజ్జోగం కోసం పదకొండేళ్ళు ఎదురు సూశావు. నా బండి పోతే ఇంకో సందులో పెట్టుకుంటాను. ఆ రోడ్డు కాకపోతే ఇంకో రోడ్డు."

"మిగతా ఇరవై అయిదు బండ్లో?"

"ఆళ్ళ తమ్ముళ్ళు ఆళ్ళకి లేరేంట్రా?" అంది. కానీ మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది.

నేను ఆ రాత్రి పెద్దగా ఆలోచించలేదు. మేడల్లో కన్నా వీధిలోనే బాగుందని ముగ్గురి ముందు నిలబడి చెప్పాను. అది నిజం. ఆ నిజం అబద్ధమైపోతే వచ్చే కుర్చీలో నేను ఆనుకుని కూర్చోలేను. తెల్లారి వెళ్ళి ఉద్యోగం వద్దని రాసిచ్చాను. ఆ కాగితం తీసుకుంటున్నప్పుడు కమిషనరు గారు నా మొహం చూడలేదు.

ఇప్పుడు అక్క బండి దగ్గరే ఉంటున్నాను. చట్నీ నేనే చేస్తాను. కుర్చీలు పన్నెండు వేశాం.

నెల తర్వాత లైసెన్సుల తనిఖీకి కమిషనరు గారూ పరాంకుశం గారూ వచ్చారు. కమిషనరు గారు ఇడ్లీ పాత్ర మూత తీయించి చూశారు. ఆవిరి ఆయన కళ్ళజోడు మీద కమ్మింది. తుడుచుకోకుండా అలాగే కాసేపు నిలబడ్డారు. తర్వాత లైసెన్సు మీద సంతకం పెట్టి అక్క చేతికిచ్చారు.

అక్క ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి, పైన కాస్త నెయ్యి వేసి ఆయన ముందు పెట్టింది. "సంతకం అయిపోయింది కదండీ. తినండి."

కమిషనరు గారు పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు పుస్తకం తెరిచారు, వెతికారు. "సంతకం పెట్టాక తనిఖీ ముగిసినట్టా, అధికారి ఆ స్థలం విడిచి వెళ్ళాక ముగిసినట్టా అన్నదాని మీద రూల్సులో ఏమీ లేదు సార్. పైకి రాసి స్పష్టత కోరుదాం. రెండు నెలల్లో వస్తుంది."

కమిషనరు గారు ప్లేటు తీసుకుని, అలవాటు ప్రకారం నా వైపు చాపారు. "ఏడుకొండలూ..."

"నేను తిననండి," అన్నాను. "నాకు ఉద్యోగం లేదు కదండీ. ఎవరి తరఫునా తినను. ఆకలేసినప్పుడు నాకోసమే తింటున్నాను."

ఆయన ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డారు. అక్క చట్నీ వేసి పక్కన నిలబడింది. పరాంకుశం గారు ఎందుకో పుస్తకం మూసి, రోడ్డు అవతల బస్సుల నంబర్లు చదవడం మొదలుపెట్టారు. కమిషనరు గారు ఇడ్లీ తుంచారు, చట్నీలో ముంచారు, నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. రెండో ఇడ్లీ తుంచకుండానే పెట్టుకున్నారు.

పరాంకుశం గారు బస్సుల వైపే చూస్తూ, జేబులోంచి కలం తీసి, "ఎలా ఉంది సార్?" అని అడిగారు.

నోటి నిండా ఇడ్లీ ఉన్నందున కమిషనరు గారి అభిప్రాయం నమోదు కాలేదు.